గంట వెంట దిగుతూ

ట్రింగుమంటూ సైకిలు గంట పొగమంచులోంచి వినిపించింది. మనిషి కనిపించలేదు. నడిపేవారు లేని హెలికాప్టరు దంపతులిద్దరినీ సైకిళ్ళతో హిమాలయ శిఖరం మీద దించి వెళ్ళినప్పటి నుంచీ భర్త ముందు దిగుతూ గంట కొడుతున్నాడు. ఆ గంట వెంటే సత్యవాణి తన సైకిలును జాగ్రత్తగా దింపుతోంది.

అంతలో తలకున్న హెల్మెట్ మాట్లాడింది. "కింద ఎడమ దారి విరిగిపడింది. ముందున్న వారిని ఆపాలి. ఎవరికి ఫోను కలపమంటారు?"

"మా ఆయనకి."

"పేరు చెప్పండి."

"అదే, గంట కొడుతున్నారే, ఆయనకి."

"ఆ పేరుతో ఎవరూ లేరు."

ఇంట్లో దీపం నుంచి తలుపు దాకా అన్నిటికీ 'ఆయన' ఎవరో తెలుసు. ఈ అద్దె హెల్మెట్‌కు తెలియదు. పేరు పలికితే భర్త ఆయుష్షు తగ్గుతుందని ముప్పయ్యేళ్ళుగా ఆమె దాన్ని పెదవి దాటనివ్వలేదు.

గంట ఎడమకు మళ్ళింది. సత్యవాణి కళ్ళు మూసుకుని ఆ పేరు గొణిగింది. హెల్మెట్ కలిపింది.

"ఆగండి, ముందు దారి లేదు," అని అరిచిందామె.

కింద బ్రేకులు కీచుమన్నాయి.

"ఆగాన్లే. ఇంతకీ ఎవరి పేరు చెప్పి కలిపించుకున్నావు?" నవ్వు దాచుకుంటూ అడిగాడాయన.

"మీకు తెలీదూ?"

"నీ నోట వింటే తెలుస్తుంది."

ఆమె గుండె నిండా చల్లగాలి పీల్చుకుని, కొండంతా వినపడేలా పిలిచింది.

"పురుషోత్తమరావు గారూ."