తాళాలాయన భాష

"ఇంతకీ ఈయన మీలో ఎవరి మనిషండీ?" మూడోసారి అడిగింది ఆఫీసరమ్మ.

ఎదురుగా కూర్చున్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుట్టు సంఘం పెద్దమ్మ, డ్రమ్ముల మాస్టారు, చదరంగం తాత. ముగ్గురివీ మూడు దేశాలు, మూడు భాషలు. నగరపాలక సంస్థ వారి ఈ హాలును గంటల చొప్పున పంచుకునే ఇలాంటి బృందాలు ఇంకో ఆరున్నాయి. వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవాలంటే నగరం భాషే దిక్కు, అదీ వచ్చీ రానట్టుగా.

కిటికీ అవతల తాళాలాయన నిచ్చెనెక్కి అద్దాలు తుడుస్తున్నాడు. పదకొండేళ్లుగా ఈ హాలు తీసేదీ మూసేదీ ఆయనే. లోపల తన ఉద్యోగం సంగతే తేలుస్తున్నారని ఆయనకు తెలుసు. అయినా గుడ్డ పట్టిన చెయ్యి ఆగలేదు. మనిషి అలాంటివాడు మరి.

తలుపుకు అంకెల మీటలు నొక్కితే తెరుచుకునే తాళం బిగించి ఆయనను ఇంటికి పంపేద్దామని పైవాళ్ల ఆలోచన. మధ్యాహ్నం పన్నెండులోగా ఆయనను పది ప్రశ్నలడిగి, ఉంచాలో వద్దో ఆఫీసరమ్మ రాసి పంపాలి. ప్రశ్నలు ఆయనకు వచ్చిన భాషలోనే అడగాలని నిబంధన. గడువు దాటితే ఆయన పని అయిపోయినట్టే.

"పొద్దున నేను పలకరిస్తే నవ్వి కుర్చీ వేశాడంతే. నగరం భాష రాదనుకున్నాను," అంది ఆఫీసరమ్మ. ఫైలు తిప్పి చూపించింది. "చేర్చుకున్న పాత ఆఫీసరు ఇప్పుడు లేడు. 'మాట్లాడే భాష' అన్నచోట అడ్డగీత గీసి వదిలేశాడు. ఒక్క మాట రాయడానికి కూడా బద్ధకమే."

"ఈయన డ్రమ్ముల వాళ్ల మనిషేనమ్మా," అంది పెద్దమ్మ. "మా వాడు కాదు. కానీ మా భాష బాగా తెలుసు."

"ఎలా చెప్పగలరు?"

"మా ఆయన పోయాక నలభై రోజులు నేను గంట ముందే వచ్చి కూర్చునేదాన్ని. చీపురు పక్కన పెట్టి ఈయన నా ఎదురుగా కూర్చునేవాడు. నా మొహంలోంచి చూపు తిప్పేవాడు కాదు. నేను ఏడిస్తే ఆయన కళ్లలో నీళ్లు తిరిగేవి. సొంత చెల్లెలే 'ఊరుకో అక్కా, ఇంకెన్నాళ్లు' అంది. ఈయన ఒక్కనాడు కూడా మధ్యలో ఆపలేదు. నేను మనిషినయ్యానంటే ఆయన చలవే."

డ్రమ్ముల మాస్టారు బుర్ర గోక్కున్నాడు. "మా మనిషి కాదు పెద్దమ్మా. చదరంగం వాళ్ల తాలూకు అనుకున్నాను. మా వాయింపుకు వీధి వీధంతా ఫిర్యాదులే. ఈయన మాత్రం ఏనాడూ మొహం చిట్లించలేదు. పెద్ద డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటాడు. అంత రసికుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. మా ఇంటావిడ కూడా నా వాయింపును అలా మెచ్చలేదు."

"మెచ్చదు, ఆవిడకు చెవులున్నాయి," అన్నాడు తాత.

"మీరు చెప్పండి తాతగారూ. మీ మనిషేనా?"

"కాదమ్మా. కుట్టు వాళ్ల చుట్టం అనుకుంటూ వచ్చాను. టైమైపోతే గంట కొట్టడం, కేకెయ్యడం ఆయన దగ్గర లేవు. లైటు ఒక్కసారి ఆర్పి వెలిగిస్తాడు. ఎత్తు మధ్యలో ఉన్నవాడి ఆలోచన చెదరకూడదని ఎంత మర్యాదో చూడండి. నేను జోకు వేస్తే అందరికన్నా ముందు నవ్వేది కూడా ఆయనే."

ఆఫీసరమ్మకు నవ్వాలో తల పట్టుకోవాలో తెలియలేదు. పదకొండేళ్లుగా ప్రతివాళ్లూ ఆయనను పక్కవాళ్ల మనిషి అనుకున్నారు. మిగతా ఆరు బృందాలకూ అక్కడికక్కడే ఫోన్లు చేశారు. అందరిదీ అదే పాట. మంచివాడు, బంగారం లాంటివాడు, మావాడు మాత్రం కాదు.

"పోనీ, మీ ముగ్గురూ దీనిమీద సంతకం పెట్టగలరా?" అంటూ ఒక కాగితం జరిపింది. "'ఈయనతో మాట్లాడడంలో మాకు ఏనాడూ ఇబ్బంది కలగలేదు' అని ఉంది. అబద్ధమైతే పెట్టొద్దు."

ముగ్గురిలో ఒక్కరూ తడుముకోలేదు. పెద్దమ్మ అయితే కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా నొక్కి మరీ పెట్టింది. ఆ మూడు సంతకాలూ చూస్తుంటే ఆఫీసరమ్మకు ఆయన మీద గౌరవం కలిగింది. పన్నెండు మంది ఉన్న తన ఆఫీసులో తన గురించి ఇలా సంతకం పెట్టేవాళ్లు ఎందరుంటారా అనుకుంది.

ఆమె కలం తీసి 'కొనసాగించవచ్చు' అని రాసేసింది. "కానీ ప్రశ్నలు అడగకపోతే ఇది చెల్లదండీ. టైము చూడండి, పదకొండున్నర."

"ఈయన కూతురు సందు చివర మందుల షాపులో పని చేస్తుంది," అన్నాడు మాస్టారు చటుక్కున లేస్తూ. "తీసుకొస్తానుండండి."

పది నిమిషాల్లో ఆ అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయి, షాపు కోటు ఇంకా ఒంటిమీదే ఉంది. విషయమంతా నిలబడే విన్నది.

"నాన్నను ప్రశ్నలడగాలి, అంతే కదా మేడం? ఇవ్వండి, నేనడుగుతాను."

"ఏ భాషలో అమ్మా?"

"మా ఇంటి భాషలో."

ఆ ఇంటి భాష ఎవరిదో తేలిపోతుందని ముగ్గురూ కుర్చీల్లో ముందుకు జరిగారు. ఆ అమ్మాయి కిటికీ దగ్గరికి వెళ్లి చెయ్యి ఊపింది. తాళాలాయన నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి కూతురికి ఎదురుగా నిలబడ్డాడు.

ఆమె కాగితంలోని మొదటి ప్రశ్నను అందరికీ వినబడేలా ఒకసారి చదివింది.

"'ఇన్ని భాషల వాళ్లతో ఇన్నేళ్లూ మీరెలా మాట్లాడగలిగారు?'"

కాగితం బల్ల మీద పెట్టి, తండ్రిని అదే ప్రశ్న చేతివేళ్లతో అడిగింది.