పసుపయ్య ఇంటి గుమ్మం

చెరువు మీదికి వంగిన ఈతచెట్టు కొసన పసుపయ్య అనే గిజిగాడు ఇల్లు మొదలుపెట్టాడు. రెల్లుపోచలు చీల్చి తెచ్చి ముందు ముడి వేశాడు. తర్వాత ఉయ్యాలలాంటి వలయం అల్లి, దాని మీద కప్పు దించాడు. పని చేస్తున్నంతసేపూ లోపల పిల్లలు ఊగుతున్నట్టే కలలు కనేవాడు.

సగం ఇల్లు లేచాక, నచ్చితే కాపురం పెడదామని చామన అనే ఆడపిట్ట చూడవచ్చింది. వలయం మీద కూర్చుని, కళ్లు మూసుకుని కాసేపు ఊగింది.

"గుమ్మం ఇటు పెడుతున్నావా?" అంది.

"అవును. పొద్దున లేవగానే చెరువు కనపడాలి. ఎంత బాగుంటుందో!"

"బాగానే ఉంటుంది. కానీ వానగాలి వచ్చేది ఇటునుంచే కదయ్యా. గుడ్లు తడిస్తే?"

పసుపయ్య ముఖం చిన్నబోయింది. "ఇంత అల్లాక విప్పమంటావా?"

"నీ ఇల్లు, నీ ఇష్టం," అని చామన రెక్క విప్పింది.

ఖాళీగా ఊగబోయే ఆ ఇల్లు పసుపయ్య కళ్ల ముందు మెదిలింది. "ఉండు," అని, ముచ్చటపడి అల్లిన పోచల్ని తనే పీకేశాడు. గుమ్మాన్ని రెండో వైపుకు మార్చి, పొడవాటి గొట్టంలా కిందికి దించాడు.

తొలివాన చెరువును కనపడకుండా కమ్మేసింది. ఇల్లు ఊగింది గానీ లోపల చుక్క పడలేదు. గుడ్ల మీద చామన, పక్కన పసుపయ్య ఒదిగి నిద్రపోయారు. వాన ఎప్పుడు వెలిసిందో ఇద్దరికీ తెలియదు.