కొలతకు కుట్టిన జాకెట్టు

"ఆ రాక్షసికి ఇంకా జాకెట్లు కుడతన్నావా అక్కా?" రూతు అడిగింది. ఆ జాకెట్టు వెడల్పు చూస్తేనే ఎవరిదో ఆమెకు తెలిసిపోయింది.

దానమ్మ గుడ్డ ముందుకు జరిపింది. మిషను తొక్కుతూనే ఉంది.

మహిళా సంవత్సరమని సర్కారు ఆ ఆడవాళ్ళ జైలుకు కుట్టుమిషన్లు ఇచ్చింది. బయటికెళ్ళాక బతుకుతెరువు ఉంటుందన్నారు. ఖైదీలు మాత్రం జైలు పెత్తనం చూసే మేట్రన్ ఛాయాదేవి ఇంటిల్లిపాదికీ ఊరికే బట్టలు కుట్టిపెట్టారు. ఆవిడ ఒంటి కొలతలు దానమ్మకు కంఠతా వచ్చు. ఒకసారి జాకెట్టు మెడ బిగిసిందని, ఛాయాదేవి దానమ్మ వేళ్ళు వాచేలా స్కేలుతో కొట్టింది.

అదైతే దానమ్మ మరిచిపోయేదేమో. రూతు బిడ్డను మాత్రం మరవలేదు. జైల్లో పసిపిల్లలకొచ్చే పాలపొడి పటమటలో ఛాయాదేవి చెల్లెలి కాఫీ హోటలుకు చేరేది. కంచే చేను మేసింది. పిల్లాడు రూతు ఒళ్ళోనే ఎండిపోయి కన్ను మూశాడు. పగ తీర్చుకోకుండా చావనని ఆ రోజు దానమ్మ మోకాళ్ళ మీదే ఒట్టు పెట్టుకుంది. అది ప్రార్థన కాదని తెలిసే పెట్టుకుంది.

రెండు నెలలుగా ఛాయాదేవి సెలవులో ఉందని చెప్పారు. మొన్నొకరోజు దానమ్మను వ్యానులో బెజవాడ కోర్టుకు తీసుకెళ్ళి తెచ్చారు. ఎందుకని రూతు అడిగితే, పనుందంటూ మిషను ముందు కూర్చుంది. ఈ పొద్దున్నే ఈ జాకెట్టు మొదలుపెట్టింది. మోటు గుడ్డే. అయినా పట్టుగుడ్డలా చూసుకుంటూ కుట్టింది.

"ఓ సూది లోపల వదిలెయ్యి. గుచ్చుకుని చస్తది."

"సూదైతే ఒక్కరోజు నొప్పే పిల్లా." దానమ్మ దారం కొరికింది. "ఇది ఆవిడ రోజూ తొడుక్కోవాల. ఒంటికి అతికినట్టుండాల."

"నువ్వూ దాని మనిషివే!" రూతు గోడవైపు తిరిగి ఏడ్చింది.

దానమ్మ ఆ మాట ఓర్చుకుంది. జాకెట్టుకు హుక్కులు కుట్టసాగింది.

సాయంత్రం గేటు చప్పుడైంది. "ఛాయాదేవి వస్తంది," అన్నారెవరో. ఆడవాళ్ళంతా అలవాటుగా లేచి, చేతులు కట్టుకుని వరసలో నిలబడ్డారు. దానమ్మ జాకెట్టు మడిచి పట్టుకుని ఎదురెళ్ళింది.

"తొడుక్కుని చూడండి అమ్మగారూ," అంటూ, పాలపొడి కేసులో తన సాక్ష్యంతో శిక్షపడి ఇద్దరు పోలీసుల మధ్య తలదించుకుని నిలబడ్డ ఛాయాదేవి చేతుల్లో, గుండెల మీద ఖైదీ నంబరు కుట్టిన ఆ జాకెట్టు పెట్టింది దానమ్మ.