గోడ దిక్కు తిరిగి

"జూన్ ఏడున పుంటికూర తిన్నడు సార్. ఆ రాత్రి సంది దగ్గే," అంది బుచ్చవ్వ, మగ్గాల కార్ఖానాలుండే డిండోలిలోని నా క్లినిక్‌లో.

"కూర గాదు, మగ్గం దుమ్ము," అన్నాడు ఆమె భర్త లింగమూర్తి, ఆయాసపడుతూ. దగ్గు తగ్గకపోతే మగ్గం ఇంకొకరికి ఇస్తానన్నాడట కార్ఖానా యజమాని సేఠ్.

పది రోజులుగా అతను కార్ఖానాకు పోలేదు. అయినా దగ్గు తగ్గలేదు. నోరు తెరవమన్నాను. పైవరుస పెట్టుడు పళ్లు. చుట్టూ చిగుళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"రాత్రి తీసి పడుకుంటావా?"

అతను నోరు మూసేశాడు.

"తియ్యకపోతే పళ్లకు పాచి పడుతుంది, అందులో క్రిములుంటాయి. నిద్రలో ఊపిరిదారిలోకి జారి వాపు పెంచుతాయి. తియ్యి, చూస్తాను."

"దీని ముంగటనా? పెట్టుడు పండ్లని దీనికి తెల్వదు సార్," భార్య వైపు ఓరగా చూస్తూ గుసగుసగా అన్నాడు.

బుచ్చవ్వకు వినబడింది.

"ఎనిమిదేండ్ల సంది లైటు బంద్ జేసి, గోడ దిక్కు తిరిగి పంటున్న. నువ్వు సిగ్గుపడకుంట తీసుకుంటవనే గదా! ఒక్కనాడన్న తియ్యలేదా?"

లింగమూర్తి తల వంచుకున్నాడు. మెల్లగా అతని చెయ్యి నోటి దగ్గరికి పోయింది.

బుచ్చవ్వ లేచి బయటికి నడిచి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.