రెండో సెట్టు

"నా పేరు ఉండాదా సార్?"

ప్రతి నెలా మొదటి సోమవారం ఆ పెద్దాయన కార్వేటినగరం బస్సు దిగి, తిరుపతిలో రక్తదాతల సంఘం ఉన్న మేడ మెట్లెక్కి, ఇదే మాట అడుగుతాడు.

సంఘం కార్యదర్శి సౌందరరాజన్ తలెత్తలేదు. రిటైరైన లెక్కల మాస్టారు. అడిగిందే అడిగేవాళ్ళంటే ఆయనకు బడిలో ఉన్నప్పటి నుంచీ పడదు.

కంప్యూటర్ ముందున్న కోమలవల్లి వెతికి చెప్పింది.

"ఉండాది తాతా. పదకొండు వందల మందిలో భద్రంగా ఉండాది."

ఆమెకు ఎనిమిదో నెల. కుర్చీ వెనక్కి లాక్కుని, చేతులు చాచి టైపు చేస్తోంది.

"ఇది చెడిపోతే?" అన్నాడు పెద్దాయన.

"పేర్లన్నీ ఎక్కించిన ఫ్లాపీలు ఇంకో సెట్టు ఉన్నాయి," అన్నాడు సౌందరరాజన్.

"అవి యాడుండాయి?"

"ఆ బీరువాలోనే."

"రెండూ ఒకే సోటా?" పెద్దాయన గొంతు తగ్గింది. "నోటుబుక్కులో రాసి ఇంకెవురింట్లోనన్నా పెట్టండి సార్. నాది బొంబాయి. మా సెల్లెలు కాన్పులో పాయ. ఆ పొద్దు కూడా నెత్తురిచ్చేటాయన పేరు రాసిన కాయితం ఉన్నిందంట. యాడ పెట్టినారో ఎవురికీ తెలీలేదు."

బొంబాయి పోయొచ్చినవాళ్ళ గొప్పలు సౌందరరాజన్ చాలా చూశాడు.

"బొంబాయి అయినా బొమ్మసముద్రం అయినా ఇక్కడ అందరూ ఒకటే పెద్దాయనా. వచ్చే నెల రండి."

పెద్దాయన మెట్లు దిగాడు.

"మీ బొంబాయాయన పోయినాడమ్మా," అని నవ్వాడు సౌందరరాజన్.

నోటుబుక్కు సంగతి ఆయన ఆలోచించలేదని కాదు. పాత రిజిస్టరును చెదలు తినేస్తే ఆయనే దగ్గరుండి తగలబెట్టించాడు. మళ్ళీ పదకొండు వందల పేర్లు చేత్తో రాయాలంటే నెల పడుతుంది. ప్రింటరుకు రిబ్బన్ లేదు, మద్రాసు నుంచి రావాలి. రెండో సెట్టు ఫ్లాపీలైతే అరగంట పని. అందుకే అది ఎంచుకున్నాడు. ఎంచుకున్నాక దాని సంగతి మరిచిపోయాడు.

ఆయుధ పూజ వచ్చింది.

కోమలవల్లి కంప్యూటర్‌కు పూలదండ వేసింది. అరిటాకు పరిచి, ఫ్లాపీలను కవర్లలోంచి తీసి వరసగా పెట్టింది.

"రెండో సెట్టు కూడా తీయమ్మా. అదేం పాపం చేసింది?" అన్నాడు సౌందరరాజన్.

ఫ్లాపీ మీద, పేర్లుండే లోపలి బిళ్ళ కనబడేటట్టు చిన్న కిటికీ ఉంటుంది. బొట్టుకు అనువైన చోటు అదే అనిపించింది కోమలవల్లికి. ఒక్కొక్కదానికీ తడి గంధం పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. ఒక్కటీ వదల్లేదు. సౌందరరాజన్ కళ్ళు మూసుకుని హారతి కళ్ళకద్దుకున్నాడు.

పండగ మర్నాడు కంప్యూటర్ గురగురమంది. తెర మీద ఒక్క పేరూ రాలేదు.

మద్రాసు నుంచి వచ్చిన మెకానిక్ ఫ్లాపీలు తిప్పి చూసి తల పట్టుకున్నాడు.

"ఇంకో కాపీ లేదా సార్?"

"ఉంది," అన్నాడు సౌందరరాజన్. బీరువా తెరిచి ఇచ్చాడు. వాటి మీదా బొట్లు ఎర్రగా ఎండిపోయి ఉన్నాయి.

కోమలవల్లి రెండు రోజులు ఏడ్చింది. తర్వాత సంఘం వాళ్ళు ఊరంతా తిరిగి పేర్లు మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టారు. నెలాఖరుకు రెండు వందలు కూడా కాలేదు.

నెల చివరి గురువారం పొద్దున ఆమెకు నొప్పులు వచ్చాయి. కాన్పయింది గానీ రక్తం ఆగలేదు. ఆమెది 'ఓ' గ్రూపని తెలుసు గనుక సౌందరరాజన్ ఆ గ్రూపు మనుషులను నలుగురిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు.

డాక్టర్ సుబ్రమణ్యం బయటికొచ్చాడు.

"ఈ పిల్లది 'ఓ' గ్రూపు కాదు మాస్టారూ. వీళ్ళెవరి రక్తమూ సరిపోవడం లేదు. చాలా అరుదైన రకంగా ఉంది. వేలూరికి శాంపిల్ పంపించినాను."

"మరి ఇప్పుడెట్లా సార్?"

"పోయినేడు మన క్యాంపులో ఇట్లాంటి రక్తమున్నాయన ఒకరు దొరికినారు. పేరు నాకు గుర్తు లేదు. మీ లిస్టులో రాయించినాను గదా, తొందరగా తీయండి."

"లిస్టు పోయింది సార్," అన్నాడు సౌందరరాజన్.

"కంప్యూటర్లోనే గదా ఉండేది?" అన్నాడు డాక్టర్.

బిడ్డ దక్కింది. సాయంత్రానికి కోమలవల్లి పోయింది.

సోమవారం డాక్టర్ దగ్గర నుంచి కవరొచ్చింది, వేలూరు రిపోర్టు. ఇప్పుడు చూసి చేసేదేముందని సౌందరరాజన్ దాన్ని విప్పలేదు. దాన్ని చూస్తేనే భయంగా ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"నా పేరు ఉండాదా సార్?"

"లేదు పెద్దాయనా. అందరివీ పోయినాయి."

పెద్దాయన ఎత్తిపొడవలేదు. ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"ఆ పాప యాడ సార్?"

సౌందరరాజన్ కొత్త నోటుబుక్కు తెరిచాడు.

"ఇంకమీదట దీంట్లోనే రాస్తాం. మీరు చెప్పినట్టే ఒకటి మా ఇంట్లో కూడా పెడతాను. పేరు చెప్పండి."

"మునిరత్నం."

"రక్తం గ్రూపు?"

"ఎన్నిసార్లు సెప్పినాను సార్. బొంబాయి."

"ఊరు కాదు పెద్దాయనా. గ్రూపు."

"గ్రూపే సార్. బొంబాయి ఊరు నేను యాడ సూసినాను? మా నెత్తురు రకానికి ఆ పేరంట, వేలూరోళ్ళు సెప్పినారు."

సౌందరరాజన్ కలం కింద పెట్టి, కవరు చించాడు.

కోమలవల్లి పేరు పక్కన ఆ ఊరి పేరే ఉంది.