అడగని శాఖ

“ఓటింగు పద్ధతి మార్చాలా వద్దా అన్నది జనాన్నే అడుగుదాం. వచ్చే మే నెలలో ఓటింగు పెట్టేద్దాం,” అన్నాడు ఫాన్‌షా, బిస్కెట్టు టీలో ముంచుతూ.

ఎవరికీ మెజారిటీ రాని ఆ ఎన్నికల్లో ఆయనది పెద్ద పార్టీ, ఎదురుగా కూర్చున్న రోవీనాది చిన్నది. ఈ ఒక్క మాట కోసం ఆమె పార్టీ తరాలుగా కాళ్లరిగేలా తిరిగింది. ఇప్పుడు అది టీ చల్లారకముందే దొరికింది. మెలిక ఎక్కడుందా అని వెతికిందామె.

“ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారేంటండీ?”

“పొత్తన్నాక ఇచ్చిపుచ్చుకోవాలి కదమ్మా. విద్యాశాఖ కూడా మీకే.”

“అది మేం అడగలేదే.”

“అడక్కపోయినా ఉంచుకోండి. చలికాలంలోపు యూనివర్సిటీ ఫీజులు పెంచాలి. పెద్ద పనేం కాదు.”

“ఫీజులు పెంచనిచ్చేది లేదని ఇంటింటికీ వెళ్లి మాటిచ్చాం మేము.”

“తెలుసు. మా అబ్బాయి కాలేజీ గోడ మీద ఆ మాటతో సహా మీ ఫొటో ఇంకా ఉంది.”

రోవీనా మెల్లగా అడిగింది. “మేలో ఆ మార్పుకు వ్యతిరేకంగా ప్రచారం చేస్తారా మీరు?”

ఫాన్‌షా కప్పు కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

“మాకెందుకమ్మా ఆ శ్రమ? ఫీజులు పెంచాక జనం ముందుకెళ్లి ఓటడిగేది మీరేగా.”