నీలం బిళ్ళ

"బిళ్ళ లేకుండా నాను స్విచ్చి ఎయ్యను సార్," అన్నాడు పౌల్‌రాజు, కొత్త మిషను ముందు చేతులు కట్టుకుని.

సూపర్‌వైజర్ సీతారామరావుకి ఒళ్ళు మండింది. పనిముట్లని కొలిచే విశ్వకర్మ పూజ రోజు. కొబ్బరికాయ కొట్టి, పెద్దసారు చూస్తుండగా మిషను ఒకసారి తిప్పాలి. ఆ రోజు పర్సుడీహ్ వర్క్‌షాపులో ఎవరూ పనిముట్టు ముట్టరు. అందుకే ఏటా ఆ డ్యూటీ క్రైస్తవుడైన పౌల్‌రాజు మెడకే పడుతుంది. ఈసారి పందిరి లైట్లకీ మైకుకీ మిషను బోర్డు నుంచే కరెంటు లాగారు. పొద్దున వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి, మిషనులోని నీలం బిళ్ళ పేలిపోయింది. వేరిస్టరంటారు దాన్ని. చొక్కా గుండీ అంత ఉంటుంది. కరెంటు పోటెత్తితే ఆ దెబ్బ తాను తిని, లోపలి ఖరీదైన సర్క్యూట్ కార్డుని కాపాడుతుంది.

స్టోర్సులో ఇంకో బిళ్ళ లేదు. బిష్టుపూర్ బజారులో దుకాణాలన్నీ పూజకి మూసేశారు.

"గుండీ అంత బిళ్ళ లేకపోతే మిషను తిరగదా?"

"తిరుగుతాది. మల్లా ఓల్టేజి ఎగిరితే కార్డు మాడిపోతాది. అప్పుడు పౌల్‌రాజే మాడ్చీసినాడని రాత్తారు. నాను ఎయ్యను."

"పది నిమిషాల్లో ఇది తిరగాలి. లేదంటే రేపు గేటు దగ్గరే ఆగిపో."

పౌల్‌రాజు బొట్టు పెట్టి దండం పెట్టకపోయినా మిషన్లని ప్రాణంగా చూసుకునే మనిషి. స్క్రూడ్రైవర్ పట్టుకుని పందిరి వెనక్కి పోయాడు. తిరిగొచ్చి మిషను వెనక దూరాడు. పది నిమిషాలు కాకుండానే కొబ్బరికాయ పగిలింది, మిషను గిర్రున తిరిగింది.

సీతారామరావు మీసం దువ్వుకుని మైకు అందుకున్నాడు. బిళ్ళ లేనిదే స్విచ్చి వెయ్యనని ఒకడు మొండికేశాడనీ, గట్టిగా గదమాయిస్తే చచ్చినట్టు వేశాడనీ, ఆ బిళ్ళలు ఇకనించి కొనక్కర్లేదనీ పెద్దసారు వైపు తిరిగి హిందీలో దంచేస్తున్నాడు. జనం పౌల్‌రాజుని చూసి నవ్వారు. అతను తల దించలేదు.

అంతలో పందిట్లో లైట్లన్నీ భగ్గుమన్నాయి. మైకు పెట్టె ఠప్పున పేలి పొగ కక్కింది. మిషనుకి మాత్రం ఏమీ కాలేదు.

"క్యా హువా?" అన్నాడు పెద్దసారు.

సీతారామరావు పౌల్‌రాజు మీద విరుచుకుపడ్డాడు. "ఏం చేశావురా దీన్ని?"

"బిళ్ళ లేకుండా ఎయ్యనన్నాను, ఎయ్యలేదు సార్," అన్నాడు పౌల్‌రాజు. "మీ మైకు పెట్టెలో బిళ్ళ పీకి మిషనుకెట్టినాను."